ఓదెలు సార్ చేర్చిన ఏడు ఫైళ్లు

ఎనుమాముల యార్డుల రాత్రి పదకొండు.
సర్వర్ గదిల ఫ్యాను తిరిగితే
గాలి గాదు, మిరప ఘాటు తిరుగుతది.
కీబోర్డు సందులల్ల ఎర్రపొడి.
తుమ్మి, ముక్కు తుడుసుకొని
అప్‌డేట్ అని కొట్టిన.

ఈ సంతకం ఎవరిదో తెల్వదన్నది మిషన్.
కింది వరుసల: ఈ కీకి గడువు తీరింది.
ఇంకా కింద: ఈ చిరునామాల ఎవరూ లేరు.

ఓదెలు సార్ పోయి రెండేండ్లు.
పోవుడంటే జగిత్యాలకు బదిలీ, అంతే.
ఫోన్ మాత్రం ఎత్తడు.
ఆయన బయటినుంచి తెచ్చి చేర్చిన రిపాజిటరీలు ఏడు,
ఏడు ఫైళ్లు, ఒక్కోదాని నెత్తిన ఒక్క మాట:
"స్కానర్ కోసం."
"ఆడిట్‌కొచ్చినోళ్లు అడిగిండ్రు."
"ఎందుకో యాదికి లేదు, నడుస్తున్నది."
ఏడోదాని మీద
"తియ్యొద్దు."
ఎందుకొద్దో రాయలే.

నా కుర్సీ ఎనుక గోడపొంట
మొన్న దాడిల పట్టుకున్న పత్తిగింజల సంచులు.
పెట్ట జాగ లేదని ఈడ పడేసి పోయిండ్రు.
ప్యాకెట్ మీద కంపెనీ బొమ్మ ఉన్నది,
మెరిసే బిళ్ల ఉన్నది, లాట్ నంబరు సుత ఉన్నది.
లోపలేమున్నదో భూమికే ఎరుక,
అదీ రెండు వానలు పడ్డంక.

నవ్వొచ్చింది.
ఎవరో ఎక్కడనో కూసొని కట్టిన మూటను
రూట్ పాస్‌వర్డ్ ఇచ్చి ఇంట్లకు పిలుస్తం,
బీరువ తాళంచెవి సుత చేతుల పెడ్తం,
కింద దుకాణపోన్ని మాత్రం
బిల్లేదని కొట్లాడ్తం.

ఒక్కొక్కటి తెరిచిన.
స్కానరే లేదు ఇప్పుడు, దాని ఫైలెందుకు? తీసేసిన.
రెండోది పెద్ద కంపెనీదే, కీ మారింది.
కొత్తది తెచ్చి నలభై అక్షరాల వేలిముద్రను
తెర మీద వేలు పెట్టి సదివిన,
తక్‌పట్టి మీద అంకెలు సరిజూసినట్టు.
ఇంకోదాన్ని నమ్మబుద్ధి కాలే, పోగొట్టబుద్ధి కాలే.
దానికి తక్కువ అంకె రాసిన:
నువ్వు అరుగు మీదనే ఉండు,
పేరు పెట్టి పిలిస్తేనే లోపలికి.

ఏడోది ఒక్క మనిషిది.
ఎవరో, ఏ ఊరోళ్లో,
ఆఖరి మార్పు ఆరేండ్ల కింద.
ఆ చిరునామాకు పోతే ఖాళీ.
"తియ్యొద్దు" ముంగట ఒక్క నిమిషం ఆగి
వరుస మొదట్ల ఒక గుర్తు పెట్టి నోరు మూయించిన.
అక్కర్లేనియి తీసెయ్యన్నా అని మిషన్ అడిగితే
నిద్రమత్తుల అవునన్న.

నాలుగ్గొట్టంగ గేటు తెరిచిండ్రు.
మొదటి తూకం, మొదటి చీటీ.
"ఎల్లబోయిన సమ్ మయ్ య, నెక్ కొండ."
ఒత్తులన్నీ ఊడి పక్కకు నిలబడ్డయి,
బస్తా పగిలి కాయలు దొర్లినట్టు.
ఆయన చీటీని దూరం పట్టి, దగ్గర పట్టి
"ఇది నేనేనా?" అన్నడు.

అప్పుడర్థమైంది, ఓదెలు సార్ ఎందుకద్దన్నడో.
ఆ ఊరు తెల్వని మనిషి
మన ఒత్తుల కోసం ఒక ప్యాకేజీ కట్టి
పైస అడగకుండ పెట్టి పోయిండు.

పాత మూట ఒకటి క్యాష్ అడుగున ఇంకా ఉన్నది.
విప్పి, ప్రతి ఫైలు చూసి, మళ్ల కట్టి
ఈ మిషన్‌లనే చిన్న రిపాజిటరీ చేసి
నా కీతోని సంతకం పెట్టిన.
గడువు రెండేండ్లు.
చెయ్యి కొంచెం వణికింది, నిజం చెప్తున్న.
ఇప్పుడు బయటిదాన్ని నేనే.
నన్ను నమ్మాల్నో వద్దో
నా తర్వాత వచ్చేటోళ్లు తేల్చుకోవాలె.
నెత్తిన రాసిన:
"తియ్యొద్దు. ఇది లేకపోతే
రైతుల పేర్లు చీటీల మీద ఇరుగుతయి. మణెమ్మ."

చీటీ మళ్ల తీసి ఇచ్చిన.
సమ్మయ్య ఒక్కో అక్షరం చూసుకున్నడు,
అంకెల కాడికొచ్చి ఆగిండు.
"పేరు మంచిగనే పడ్డది బిడ్డా,
నా కాయ రెండు కిలోలు ఏడవాయె?"